కొమురమ్మ నిద్రలో మూడు గంటలు

శిక్షణ 1వ రోజు

రెండో గ్యాలరీలో పద్నాలుగో మంచం ఇవాళ కొత్త మనిషికి ఇచ్చాను. పేరు జంగపల్లి కొమురమ్మ. వయసు నలభై రెండు. ఇన్నాళ్లూ పైన సోలార్ పలకలు తుడిచే పని చేసింది. మోచేతుల దాకా చర్మం కమిలిపోయి ఉంది. ఇక గాలి సర్దార్ పని నేర్చుకుంటుంది. ఇప్పుడున్న రాయమల్లు సర్దార్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి, మూడు నెలల్లో దిగిపోతాడు.

మా నిద్రశాల పాత బొగ్గుగనిలో ఉంది. సొరంగాల్లాంటి దాని గ్యాలరీల్లో గాలిని మళ్లించే తలుపులు నలభై ఎనిమిది. ఏ గాలికి ఏది తెరవాలో, ఏది మూశాక ఏది తెరవాలో సర్దార్‌కు నోటికి రావాలి. గ్యాస్ భయంతో బ్యాటరీ వస్తువు ఏదీ కిందికి రానివ్వం. గ్యాస్ ఊరినప్పుడు కాగితం వెతుక్కునే తీరికా ఉండదు. రెండు వందల మంది నిద్రపోతుంటే వాళ్ల ఊపిరి ఆ ఒక్క మనిషి జ్ఞాపకంలో ఉంటుంది.

మంచం కింద గని నీళ్ల గొట్టాలు పోతాయి కాబట్టి పరుపు చల్లగా ఉంటుంది. కొమురమ్మ దాన్ని అరచేత్తో తాకి చూసింది.

"ఎన్ని గంటలు పండుకోవచ్చన్నా?"

"ఎనిమిది. పొద్దుగాల తొమ్మిదింటికి పండుకుంటె అయిదింటికి లేపుత. నేర్సుకునేటోళ్లకు ఎనిమిది, మిగిలినోళ్లకు అయిదు."

"గంతసేపు పండుకుంటె పనెప్పుడు నేర్సుకోవాలె?"

"పండుకుంటెనే వస్తది చెల్లె. నేర్సిందంత నిద్రలనే కుదురుతది."

డాక్టర్లు గోడ మీద రాయించిన మాటే అది. ఎండలు ముదిరిన మొదటి సంవత్సరాల్లో ఇక్కడి పిల్లలు సరైన నిద్ర లేక వచ్చిన ఎక్కాలు కూడా మరిచిపోయారు. అప్పుడే ఈ గనిని నిద్రశాల చేశారు. పద్దెనిమిదేళ్లుగా నేనిక్కడ కాపలాదారుణ్ని. శాలకంతా ఒకటే కీ గడియారం. అది నా బల్ల మీద, నా వైపు తిరిగి ఉంటుంది.

శిక్షణ 10వ రోజు

కొమురమ్మకు పదహారు తలుపులు వచ్చాయి. లేవగానే నా బల్ల ముందు నిలబడి వేళ్లు మడుస్తూ అప్పజెప్తుంది. నిన్న తడబడిన చోట ఇవాళ తడబడదు.

"పండుకున్నప్పుడు ఎవలో అచ్చి తలకాయల అన్ని సదిరిపెట్టి పోయినట్టున్నదన్నా," అంది.

ఇంటికి వెళ్లేసరికి మా సంహిత పుస్తకం మీద తల ఆనించి ఏడుస్తోంది. దానికి పదిహేడేళ్లు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఇద్దరమే. వైద్య బడి పరీక్ష ఇంకా డెబ్బై ఎనిమిది రోజులుంది.

"నిన్న సదివిన నరాల పేర్లు ఒక్కటి యాదికస్తలేవు బాపు. అయిదు గంటల నిద్ర సాల్తలేదు."

"పైన ఇంకో రెండు గంటలు పండుకో బిడ్డా."

"పైన సెమటల నాన్తున్న. గది నిద్రనా?"

నిజమే. పైన మధ్యాహ్నం యాభై డిగ్రీలు. అక్కడ పట్టేది కునుకు. అడిగినా సంహితకు ఎనిమిది గంటలు ఇవ్వరు. బడిలో చేరాక ఇస్తారు. చేరడానికి చదువుకునేవాళ్లు లెక్కలోకి రారు.

శిక్షణ 12వ రోజు

రెండు గంటలకు కొమురమ్మ కాలి బొటనవేలు తట్టాను. మేం గంట కొట్టం. ఒక్కొక్కరినీ ఇలాగే లేపుతాం.

"అప్పుడే అయినయా అన్నా ఎనిమిది?"

"అయినయి చెల్లె."

"కండ్లు తెరుసుడు అయితలేదు."

"సర్దార్ వచ్చేదాక ల్యాంపు రూంల కూసొని ల్యాంపులు తుడువు. నేర్సుకునేటోళ్ల పనే గది."

అలాంటి నియమం ఏదీ లేదు. ఆమె లేచి పరుపు మీది దుప్పటి మడతపెట్టి, ముడతలు సరిచేసి వెళ్లింది. మూడో గ్యాలరీలో తన వంతు ముగిసిన సంహితను నడిపించుకొచ్చి అదే మంచం మీద పడుకోబెట్టాను.

"ఎవలది బాపు?" అంది నిద్రమత్తులో.

"ఖాళీదే. పండుకో."

రిజిస్టర్‌లో రాశాను: మంచం 14, తొమ్మిది నుంచి అయిదు, నిద్ర పూర్తి. ఈ ఒక్క రోజే అనుకున్నాను. రిజిస్టర్‌లో రాయలేనిది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి ఈ నోటుబుక్కులో రాస్తున్నాను.

శిక్షణ 30వ రోజు

పద్దెనిమిది రోజులుగా రోజూ అదే. సంహిత మొహం తేటపడింది. చదివినది నిలుస్తోందట. అన్నం తింటూ ఎముకల పేర్లు పాటలా చెబుతోంది.

ఇవాళ కొమురమ్మకు మొదటి పరీక్ష. ముప్పై తలుపులు చెప్పాలి. ఇరవై ఒకటి చెప్పి ఆగిపోయింది.

"మొదటి పది రోజులు రైలు లెక్క పోయినవు. గిప్పుడేమైందే?" అని రాయమల్లు సర్దార్ దగ్గుతూ అడిగాడు. ఆమె నేల చూసింది.

తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది. "అన్నా, నిన్న అప్పజెప్పింది ఇయ్యాల పోతాంది. ల్యాంపులు తుడుసుకుంట కూసుంటె గంటలు గంటలు అయినట్టనిపిస్తది. సర్దార్ ఎంతకూ రాడు. నాకు సోయి తప్పుతాందా?"

అప్పుడు చెప్పాల్సింది. గడియారం ఆమె వైపు తిప్పితే సరిపోయేది.

"వయసు చెల్లె," అన్నాను. "నలభై దాటినంక గట్లనే ఉంటది. కింద ఉన్నప్పుడు అందరికీ పొద్దు పొడుగనిపిస్తది."

ఆమె తల ఊపింది. "అంతే అయి ఉంటది," అంది.

ఆ మాట నమ్మిస్తే నాకు గట్టెక్కినట్టు ఉంటుందనుకున్నాను. ఆమె వెళ్లాక బల్ల దగ్గర కూర్చోలేక గ్యాలరీలో తిరిగాను.

శిక్షణ 47వ రోజు

కొమురమ్మ ఇప్పుడు కొంగుకు ముళ్లు వేసుకుంటోంది, తలుపుకొకటి. ముడి పట్టుకుని తలుపు గుర్తు చేసుకోవాలని. ఏ ముడి ఏ తలుపో మరిచిపోతోంది. శాలలో కొందరు నవ్వుతున్నారు. రాయమల్లు సర్దార్ ఆమెను మొద్దు అని అందరిముందూ అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు.

రోజూ నా ముందే అప్పజెప్పడం వల్ల నలభై ఎనిమిది తలుపులూ నాకు వచ్చేశాయి. పడమటి గాలికి ఒకటి, నాలుగు, ఏడు మూయాలి. ఏడు మూశాకే ఎనిమిది. ఆమె ఆగిన చోటల్లా తర్వాతిది నా నాలుక మీద ఉంటుంది. కాపలాదారుకిచ్చే ఏడు గంటలూ నేను నిద్రపోతాను మరి.

మనసు ఊరుకోక ఆమెకు రోజూ ఇంటి నుంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు పట్టుకెళ్తున్నాను. ఇవాళ తింటూ, "నా తోడవుట్టినోడు బతికుంటె గిట్లనే సూసుకునేటోడన్నా," అంది.

రేపటి నుంచి ఆపేద్దామనుకున్నాను. ఆపుదామనుకున్నది రొట్టెలు ఇవ్వడం.

శిక్షణ 60వ రోజు

రెండో పరీక్ష. ఇరవై నాలుగే చెప్పింది. తొంభయ్యో రోజున మూడోది. అందులోనూ తప్పితే మళ్లీ పైకి, పలకల దగ్గరికి.

శిక్షణ 71వ రోజు

ఇవాళ కొమురమ్మ చావు తప్పించుకుంది.

సర్దార్ వెనక నడుస్తూ తలుపులు తీయడం నేర్చుకుంటోంది. ముప్పై ఒకటోది ముయ్యకుండా ముప్పై రెండోది తెరిచింది. లోపల ఊరిన గ్యాస్ ఆమె వైపు వచ్చింది. జాలీ బిగించిన గని ల్యాంపులో మంట మీద గ్యాస్ గుర్తుగా నీలి టోపీ లేచింది. అది లేస్తే ల్యాంపు కిందికి దించి వెనక్కి నడవాలి, తలుపు మూసెయ్యాలి. ఆమె అక్కడే నిలబడిపోయి, పడిపోయింది. సర్దార్ తన పాడైన ఊపిరితిత్తులతోనే ఆమెను ముప్పై అడుగులు ఈడ్చుకొచ్చాడు. తర్వాత ఆయన దగ్గితే నెత్తురు పడింది.

ఆమెకు గంటలో తెలివి వచ్చింది. నేను నీళ్లు పట్టాను.

"నీలి టోపి కనవడ్డదన్నా. ఏం జెయ్యాల్నో సర్దార్ నూరుసార్లు జెప్పిండు. ఒక్క ముక్క యాదికి రాలె. సూసుకుంట నిలబడ్డ." గ్లాసు పక్కన పెట్టి, "నాతోని ఎవలన్న సస్తరేమో," అంది.

నోరు తెరిచాను. "పండుకో," అన్నాను.

శిక్షణ 74వ రోజు

రెండు రోజులు ఆమెను ఎనిమిది గంటలూ నిద్రపోనిచ్చాను. రెండో రోజు లేచి ముప్పై మూడు తలుపులు చెప్పింది. ఆమె మొహం చూడాల్సింది.

ఆ రెండు రోజులు సంహిత తన అయిదు గంటలే పడుకుంది. నిన్న బడివాళ్లు పెట్టిన నమూనా పరీక్షలో వెనకబడింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఇవాళ రెండు గంటలకు మళ్లీ కొమురమ్మ కాలు తట్టాను.

మొదటిసారి తట్టినప్పుడు ఏమవుతుందో నాకు తెలియదని చెప్పుకోవచ్చు. ఇవాళ అన్నీ తెలిసి తట్టాను.

శిక్షణ 86వ రోజు

సంహితకు తెలిసిపోయింది.

నాలుగు గంటలప్పుడు దాహం వేసి లేచిందట. నీళ్ల కోసం ల్యాంపు రూంలోకి వెళ్లింది. అక్కడ కొమురమ్మ ఒక్కతే కూర్చుని ల్యాంపులు తుడుస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు పండుకోలేదా అత్తా?" అని అడిగిందట.

"పండుకోని లేసిన బిడ్డా. నాది పద్నాలుగో మంచం. లేసినకాంచి నలభై ల్యాంపులు తుడిసిన."

సంహిత తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. గడియారం చూసింది. తర్వాత నన్ను చూసింది.

"పద్నాలుగో మంచం ఖాళీది అన్నవు."

నేను రిజిస్టర్ మూశాను.

"ఎన్ని దినాలసంది బాపు?"

"డెబ్బై."

"ఆమెను అందరు మొద్దుది అంటాన్రు. నేను సుత నవ్విన. మొన్న కొంగు ముళ్లు సూసి నవ్విన." రిజిస్టర్ మీద చెయ్యి పెట్టింది. "నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

"ఎల్లుండి నీ పరీక్ష. అయిపోనీ బిడ్డా. తెల్లారి నేనే జెప్త."

గడియారాన్ని మళ్లీ చూసింది. చివరికి "సరే," అంది. అన్నాక నా వైపు చూడలేకపోయింది. ఇప్పటిదాకా ఈ పనిలో నేనొక్కణ్నే ఉన్నాను. ఇవాళ నా బిడ్డ చేత కూడా ఒప్పించాను.

శిక్షణ 89వ రోజు

సంహిత నిన్న పరీక్ష రాసి వచ్చింది. ఎలా రాసిందో చెప్పలేదు, నేను అడగలేదు. ఈ మూడు రోజులుగా ఆ మంచం దగ్గరికి అది రావడం లేదు. కొమురమ్మ ఎనిమిది గంటలూ పడుకుంటోంది. కాని అంతకుముందు పోయిన రోజులు మూడు రోజుల్లో తిరిగి రావు.

మాట ప్రకారం ఇవాళ చెప్పాలి. శాలను నడిపే కమిటీ గదికి వెళ్లాను. కమిటీ పెద్ద భూలక్ష్మమ్మ ఒక్కతే ఉంది.

"ఏం ఓదెలూ, గిట్లొచ్చినవు?"

"పరుపుల మీది గుడ్డలు సినిగినయమ్మా. కొత్తయి కావాలె."

"రాసియ్యి, తెప్పిస్త."

రాసిచ్చి వచ్చేశాను. పన్నెండు గుడ్డలు. ఇంట్లో సంహిత గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నా మొహం చూసి ఏమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది.

శిక్షణ 90వ రోజు

మూడో పరీక్ష శాల ముంగిట్లో, అందరి ముందూ జరిగింది. నలభై ఎనిమిదిలో నలభై అయినా చెప్పాలి. కొమురమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కొంగుకు ముళ్లు లేవు. ముప్పై దాకా తప్పు లేకుండా చెప్పింది. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆ తలుపు దగ్గరే ఆమె పడిపోయింది. పెదవులు కదిలాయి కాని మాట రాలేదు. నా నాలుక మీద మాత్రం మిగిలినవన్నీ వరుసగా వస్తూనే ఉన్నాయి.

భూలక్ష్మమ్మ కాగితం నుంచి తల ఎత్తింది. "ఇంకొంచెం సేపు కావాల్నా కొమురమ్మా?"

"వద్దమ్మా," అంది ఆమె. "ఎంతసేపిచ్చినా గంతే. నా తలకాయె గింత. పేరు కొట్టెయ్యుండ్రి. పైన పలకలకాడ మంచిగనే జేసేదాన్ని."

భూలక్ష్మమ్మ పెన్ను తీసింది. సంహిత జనంలో నిలబడి నన్నే చూస్తోంది. అది చెప్పేస్తుందేమోనన్న భయంతో లేచానో, చెప్పకుండా ఉండిపోతుందేమోనన్న భయంతో లేచానో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి నిలబడ్డాను.

"కొట్టెయ్యకుండ్రి. ఆమెను నేను నిద్రపోనియ్యలె. పన్నెండో రోజుసంది అయిదు గంటల నిద్రకే లేపిన. మిగిలిన మూడు గంటలు నా బిడ్డను పండవెట్టిన. ఎనిమిది అయినయని రిజిస్టర్ల దొంగ రాతలు రాసిన."

గోడ పట్టుకుని నిలబడి ఉన్న రాయమల్లు సర్దార్ మెల్లగా కూర్చున్నాడు. ఆమెను మొద్దు అన్నది ఆయనే.

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. కొమురమ్మ నా దగ్గరికి రెండడుగులు వేసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అంటె నా తలకాయ మంచిగనే ఉన్నదా అన్నా?"

"ఉన్నది," అన్నాను.

"వయసు గాదా?"

"గాదు."

ఆమె అక్కడే నేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. నాకు దారి ఇవ్వడానికి జనం జరిగారు. ఆ దారి వెంబడి బయటికి నడిచాను.

93వ రోజు

కమిటీ తీర్పు చెప్పింది. నన్ను శాల పని నుంచి తీసేశారు. రేపటి నుంచి పైన పలకలు తుడవాలి. గడియారాన్ని గ్యాలరీ ముంగిట్లో అందరికీ కనిపించేలా వేలాడదీశారు. కొమురమ్మకు మరో నలభై రోజులు గడువిచ్చారు, ఎనిమిది గంటల నిద్రతో. అప్పటిదాకా దిగిపోనని రాయమల్లు సర్దార్ తనంతట తనే చెప్పాడట.

ఈ నోటుబుక్కు కమిటీకి ఇచ్చాను. చదివి తిరిగి ఇచ్చేశారు. తప్పు రాసిన రోజులన్నీ రిజిస్టర్‌లో నా చేత్తోనే సరిచెయ్యమన్నారు. డెబ్బై మూడు చోట్ల ఎనిమిది కొట్టేసి అయిదు వేశాను. సగం పూర్తయ్యేసరికి కొత్త కాపలాదారు నా పక్కన కూర్చోవడం మానేసి లేచి వెళ్లాడు.

112వ రోజు

నిన్న వైద్య బడి జాబితా వచ్చింది. సంహిత పేరు ఉంది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తెల్లారి అది బడికి ఉత్తరం రాసింది. జరిగిందంతా రాసి, ఈ ఏడు చేరనని, వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాస్తానని.

"వచ్చే ఏడు అయిదు గంటల నిద్రతోని వస్తదా బిడ్డా?" అని అడిగాను.

"రాకుంటె రాదు బాపు," అంది. నా మీద కోపం కూడా లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ బాధపెట్టింది.

సంహిత రోజూ సాయంత్రం కొమురమ్మ దగ్గరికి వెళ్లి తలుపులు అప్పజెప్పించుకుంటోంది. మొదటి రోజు కొమురమ్మ ఇంటి తలుపు తీయలేదట. రెండో రోజూ తీయలేదు. మూడో రోజు, "కూసో," అందట.

పైన పలక మీద గుడ్డ పెడితే నీళ్లు ఆవిరవుతాయి. నా చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం కింద నా వంతు అయిదు గంటలు పోతే మిగిలింది కునుకే. నిన్న ఏ వరుస తుడిచానో గుర్తుండటం లేదు. తుడిచిన వరుసే మళ్లీ తుడిచాను. పక్కవాడు నవ్వాడు.

131వ రోజు

కొమురమ్మ నలభై ఎనిమిదీ చెప్పింది. పడమటి గాలికి, తూరుపు గాలికి, గాలి లేని రోజుకు. ముప్పై ఒకటి దగ్గర ఆగలేదు. ఆగుతుందేమోనని ఆగింది నా ఊపిరే. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు. వెనక వరుసలో నిలబడ్డాను.

పరీక్ష అయ్యాక నిద్ర వంతుకు కిందికి దిగుతుంటే మొదటి తలుపు దగ్గర ఆమె ల్యాంపు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకెవరూ లేరు. నలభై రోజులుగా దాచుకున్న మాట అప్పుడే అనేయాలనిపించింది.

"చెల్లె," అన్నాను. "నీ నిద్ర దొంగిలిచ్చిన. తప్పయింది. మాఫ్ చెయ్యి."

ఆమె ల్యాంపు మంట ఎత్తు సరిచేసింది. తొందరపడలేదు.

"నిద్ర సంగతి నాకు సమజైతదన్నా. బిడ్డ కోసం జేసినవు. నాకు బిడ్డలుంటె నేను సుత జేద్దునేమో. నేను నీకాడికచ్చి అడిగిన. నాకు సోయి తప్పుతాందా అని అడిగిన. నువ్వు వయసు అన్నవు." నా మొహంలోకి చూసింది. "గా మాట నమ్మి అరవై దినాలు నన్ను నేను తిట్టుకున్న. పండుకునే ముందు తలకాయ గోడకు కొట్టుకున్న. గది మాఫ్ జేసుడు నాకు అయితలేదు. అయితదో కాదో ఎరుక లేదు."

లోపల రెండు వందల మంది పడుకోవడానికి సిద్ధమవుతున్నారు. పైన పడమటి గాలి మళ్లిందని ఎవరో కేక వేశారు.

"జరుగన్నా," అంది. "తలుపు ముయ్యాలె."

జరిగాను.